పైకి గోపురం, కిందికి కోనేరు: అమ్మపల్లి పనితనం

శంషాబాద్ పేరు చెబితే ఇప్పుడు ఎవరికైనా విమానాశ్రయమే గుర్తొస్తుంది. 2008 మార్చిలో అది తెరుచుకున్నాక చుట్టుపక్కల పొలాల్లోకి గోదాములు, హోటళ్ళు, ఫంక్షన్ హాళ్ళు వచ్చి చేరాయి. వాటికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, శంషాబాద్ మండలం నర్కుడ పరిధిలో అమ్మపల్లి ఉంది. చిన్న ఊరు. ఆ ఊరికి మించిన ఎత్తున ఏడంతస్తుల గాలిగోపురం, దాని సరసన మెట్ల కోనేరు, లోపల సీతారామచంద్రస్వామి గుడి. తెలుగు సినిమాలు చూసేవాళ్ళకు ఈ చోటు కొత్తేమీ కాదు. పాటల్లో, పెళ్ళి సన్నివేశాల్లో, ఫైట్లలో ఎన్నోసార్లు కనిపించింది. పేరు తెలియకపోయినా గోపురాన్ని చూడగానే గుర్తుపడతారు.

తెర మీద మాత్రం గోపురం ఎప్పుడూ మనుషుల వెనకే ఉంటుంది. దాన్ని ముందుకు తెచ్చుకుని, ఏ రాయి ఏ పని చేస్తోందో, ఏ ఇటుక ఎవరి బరువు మోస్తోందో వరసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఇక్కడ సోకు కోసం పెట్టినట్టు కనిపించేవాటిలో చాలా భాగం బరువును కిందికి దించడానికో, వాన నీటిని పక్కకు తప్పించడానికో పెట్టినవి. పని బాగా జరిగిన చోటే అందం కూడా కుదిరింది.

ఆలయం 13వ శతాబ్దిదని స్థలచరిత్ర చెబుతుంది. అయితే ఇవాళ కళ్ళకు కనబడే ఆవరణ అంతా ఒక్క కాలపు కట్టుబడి కాదు. ఆ శతాబ్దం తెలంగాణలో కాకతీయులది. వాళ్ళ గుళ్ళకు ఎత్తయిన ప్రవేశగోపురాల అలవాటు లేదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిలో ఎత్తంతా గర్భగుడి మీది విమానానిదే. ఓరుగల్లు కోటలో ద్వారాలుగా నిలిచినవి రాతి తోరణాలు. గుడికన్నా గుమ్మాన్ని ఎత్తుగా లేపే పద్ధతి తమిళదేశంలో చోళుల చివరి రోజుల్లో, పాండ్యుల కాలంలో పెరిగి, విజయనగర రాజుల చేతుల మీదుగా తెలుగునాట స్థిరపడింది. కోనేటి చుట్టూ ఉన్న కమానులు వచ్చిన దారి వేరు. అవి బహమనీలు, కుతుబ్‌షాహీల కట్టడాలతో దక్కనులో పాతుకుపోయిన పద్ధతి. అందువల్ల ఈ చిన్న ఆవరణలో రాతి దూలం, ఇటుక గోపురం, కమాను అనే మూడు విద్యలు పక్కపక్కనే దొరుకుతాయి. కట్టుబడి నేర్చుకోవాలనుకునేవాడికి ఇంతకన్నా అనువైన చోటు హైదరాబాద్ దగ్గర్లో తక్కువ.

ముందు రాయి సంగతి. హైదరాబాద్ చుట్టుపక్కల నేలంతా దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైట్. రోడ్ల కోసం, లేఅవుట్ల కోసం పగలగొట్టగా మిగిలిన గుండ్లు శంషాబాద్ వైపు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. ఈ రాయి అణచివేతను ఎంతైనా ఓర్చుకుంటుంది, నీటిని తాగదు, శతాబ్దాలు ఎండలో నిలుస్తుంది. చెక్కేవాడికి మాత్రం మొండిది. పలుగురాయి రేణువులు పెద్దవి కావడంతో ఉలి కింద సన్నటి అంచు నిలవక పెచ్చులుగా లేస్తుంది. అందుకే సూదిమొనంత నగిషీకి కాకతీయ శిల్పులు నల్లరాతిని వెతుక్కున్నారు. గ్రానైట్‌ను మోతకు వాడాలి, నల్లరాతిని మూర్తికి వాడాలి. అమ్మపల్లిలోనూ ఈ పంపకమే నడిచింది. మోసేవి గ్రానైటువి, గర్భగుడిలో పూజలందుకునేది నల్లరాతిది.

గ్రానైట్ బండను విడదీసే పద్ధతి బలంకన్నా ఓపిక మీద ఎక్కువ ఆధారపడుతుంది. బండ మీద గీసిన గీత వెంట వరసగా చిన్న గుంతలు తొలుస్తారు. వాటిలో ఇనుప మేకులు నిలిపి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కొక్క దెబ్బ చొప్పున సమ్మెటతో కొడుతూ పోతారు. ఒకేచోట గట్టిగా కొడితే రాయి దానికిష్టమైన దారిలో పగులుతుంది. అన్నింటి మీదా సమానంగా కొడితే, కాసేపటికి మేకుల మోత మారుతుంది, పగులు గీత పట్టుకుని సాఫీగా నడుస్తుంది. అలా విడిన పలకను మూలమట్టం పెట్టి చదును చేస్తారు. పాత గోడరాళ్ళను దగ్గరనుంచి చూస్తే ఒకే వాలులో పడిన ఉలి గాట్లు వరసగా కనిపిస్తాయి. పైకి కనిపించే ముఖాన్నీ, పక్కరాయిని తాకే అంచునూ శ్రద్ధగా నునుపు చేసి, గోడ లోపలికి పోయే వెనకభాగాన్ని గరుకుగానే వదిలేసేవారు. శ్రమను ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలియడం కూడా పనితనంలో భాగమే. ఆ గరుకుతనం లోపలి సున్నాన్ని పట్టుకోవడానికి పనికొస్తుంది కూడా.

ఇలాంటి గోపురానికి పాదం అధిష్ఠానం. శిల్పశాస్త్రం దాన్ని వరసలుగా విడదీస్తుంది. నేలను తాకే పట్టె ఉపానం, దాని మీద నిటారుగా నిలిచేది జగతి, ఆపైన గుండ్రంగానో పలకలుగానో ఉబ్బేది కుముదం, లోపలికి పోయేది గళం, మళ్ళీ బయటికొచ్చేది పట్టిక. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి వచ్చే ఈ అమరిక నీడలు పడి అందంగా కనిపిస్తుంది. పైనుంచి దిగే బరువు కింద వెడల్పుగా పరుచుకోవాలి కాబట్టి పాదానికి ఈ విస్తీర్ణం కావాలి. గోడ వెంట జారే వాన నీరు ప్రతి ఉబ్బు దగ్గరా తెగి, గోడకు దూరంగా కింద పడాలి కాబట్టి ఈ ఉబ్బులు కావాలి. చినుకు గోడ మొదట్లో పడకుండా చూడటం ఏ కట్టడానికైనా సగం ఆయుష్షు.

అధిష్ఠానం మీద రాతిగోడలు లేస్తాయి. వాటి మధ్యలో దారి, దారి నెత్తిన దూలం. రాతి కట్టుబడికి కష్టమంతా ఇక్కడే. దూలానికి రెండు చివర్లా ఆధారం ఉండి మధ్యలో బరువు పడితే, దాని పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగాలని చూస్తుంది. గ్రానైట్ నొక్కుడును మోసినట్టు లాగుడును మోయలేదు. నొక్కుడుకు ఓర్చుకునే దాంట్లో పదో వంతు కూడా లాగుడుకు ఓర్చుకోదు. పైగా దూలం మందం పెంచకుండా పొడుగును రెట్టింపు చేస్తే, దాని సొంత బరువు వల్ల పుట్టే లాగుడే నాలుగింతలవుతుంది. రాతిగుడి మండపంలో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఎందుకుంటాయో ఈ ఒక్క లెక్కలో ఉంది.

దగ్గర దగ్గరగా పెట్టడం కుదరని చోట పెద్దలు మరో ఉపాయం పన్నారు. స్తంభం తల మీద, దూలం కింద, రెండు వైపులా చేతులు చాచినట్టు ఒక అడ్డరాయి పెడతారు. అదే బోదిక. రెండు బోదికలు చెరో వైపు నుంచి ముందుకొస్తే మధ్యలో దూలం దాటాల్సిన దూరం తగ్గిపోతుంది. బోదిక కొసను తామరమొగ్గగానో, వంపు తిరిగిన ఆకుగానో చెక్కుతారు. చూసేవాళ్ళు మొగ్గను మెచ్చుకుంటారు, దూలం మాత్రం ఆ మొగ్గ వెనకున్న మందపు రాయి మీద ఆనుకుని ఉంటుంది.

ప్రవేశం దగ్గర శేషతల్పం మీద పడుకున్న అనంతపద్మనాభస్వామి రూపం అమ్మపల్లికి ప్రత్యేకం. రామాలయానికి వచ్చేవాణ్ణి ముందు పలకరించేది విష్ణువు మూలరూపం. లోపల రాముడు ఆ రూపానికి అవతారం కనుక ఈ వరస కథపరంగా సరిపోయింది. కొలతల పరంగానూ అంతే చక్కగా కుదిరింది. గుమ్మం అడ్డంగా వెడల్పైన జాగా. నిలబడిన విగ్రహాన్ని అక్కడ పెడితే రెండు పక్కలా ఖాళీ మిగిలిపోతుంది. పడుకున్న స్వామి శరీరం, శేషుడి చుట్టలు కలిపితే పొడుగాటి పట్టె నిండుతుంది. శిల్పి జాగాను చూసి దేవుణ్ణి ఎంచుకున్నాడో, దేవుణ్ణి చూసి జాగాను మలిచాడో గానీ, ఒకటి మరోదానికి కొలిచి కోసినట్టు ఉన్నాయి.

గుమ్మం దాటి పైకి చూస్తే పదార్థం మారుతుంది. కింద రాయి, పైన ఇటుక, సున్నం, గచ్చు. మార్పుకు కారణం పొదుపు ఒక్కటే కాదు. ఘనమీటరు గ్రానైట్ దాదాపు 2,700 కిలోలు తూగితే, ఇటుక కట్టుబడి 1,900 కిలోలలోపే ఉంటుంది. ఎత్తుకెళ్ళే కొద్దీ మూడో వంతు బరువు తగ్గించుకున్నట్టే. అంత ఎత్తుకు బండలు చేర్చే బెడదా తప్పుతుంది, ఇటుకలను తట్టలో పెట్టి మనిషి మోసుకుపోగలడు. రామప్పలో కాకతీయులు ఇదే సూత్రాన్ని మరీ ముందుకు తీసుకుపోయి, విమానానికి నీళ్ళలో తేలేంత తేలికపాటి ఇటుకలు కాల్చారు.

గోపురం ఎత్తు 80 నుంచి 90 అడుగుల మధ్య చెబుతారు. 80 అడుగులనే తీసుకుందాం. అంత ఎత్తున ఇటుకను గట్టిగా, సందులేకుండా పేర్చినా అట్టడుగు వరస మీద చదరపు సెంటీమీటరుకు పడేది నాలుగైదు కిలోలే. ఇవాళ్టి ప్రమాణాల్లో అన్నింటికన్నా తక్కువ రకం ఇటుకైనా 35 కిలోలకు తట్టుకోవాలి. కాబట్టి ఇటుక నలిగిపోతుందనే భయం లేదు. గోపురానికి శత్రువు బరువు కాదు, బరువు పక్కకు తొలగడం. ఒకవైపు పునాది కొంచెం కుంగినా, ఒకవైపు గోడలోకి నీళ్ళు దిగి సున్నం కరిగినా, బరువు దిగే దారి నడిమధ్య నుంచి అంచుకు జరుగుతుంది. అప్పుడు రెండో అంచు లాగుడుకు గురవుతుంది, ఇటుక కట్టుబడికి లాగుడును ఓర్చే గుణం దాదాపు లేనట్టే. అక్కడ పగులు మొదలవుతుంది.

ఏడంతస్తుల రూపం ఈ ప్రమాదానికే జవాబు. ప్రతి అంతస్తూ కిందిదానికన్నా నాలుగు వైపులా కొంచెం లోపలికి జరుగుతుంది. పైకి పోయేకొద్దీ బరువు తగ్గుతుంది, ఉన్న బరువు నడిమి గీత చుట్టూ గుమిగూడుతుంది, పాదం వెడల్పుగా ఉండిపోతుంది. ఏ కారణంతోనైనా బరువు దారి కాస్త జరిగినా ఇంకా పాదం లోపలే పడుతుంది. గోపురం కడుపు గుల్ల. ఇలాంటి గోపురాల్లో లోపల కర్ర దూలాలు వేసి అంతస్తుకో అటక కడతారు, ఒక అటక నుంచి ఇంకో అటకకు నిచ్చెనలు. కట్టేటప్పుడు అవే పనివాళ్ళకు నిలబడే జాగా, తర్వాత మరమ్మతుకు దారి. అంతస్తు నడుమ కనిపించే చిన్న ద్వారాలు లోపలికి వెలుతురు, గాలి ఇస్తూ మధ్యలో బరువు తగ్గిస్తాయి.

బయటి ముఖం మీద ప్రతి అంతస్తూ బుల్లి బుల్లి మందిరాల వరసలా ఉంటుంది. ఈ సంప్రదాయంలో మూలల్లో చదరపు కప్పున్న గూడును కూటం అంటారు, నడుమ పొడుగాటి కప్పున్నదాన్ని శాల అంటారు, రెండింటి మధ్య ఇరుగ్గా ఇమిడేది పంజరం. వాటి కింద ముందుకు వంగిన చూరు కపోతం. కూటాలూ శాలలూ పై అంతస్తులో మళ్ళీ వస్తాయి, కాకపోతే కొంచెం చిన్నవై వస్తాయి. కన్ను వాటిని ఒకే కొలతవిగా అనుకుని, చిన్నవిగా కనిపించేది దూరం వల్లేనని పొరపడుతుంది. దాంతో గోపురం ఉన్న ఎత్తుకన్నా ఎక్కువ ఎత్తుగా తోస్తుంది. బరువు తగ్గించడానికి చేసిన కుదింపే కంటికి ఎత్తును పెంచి చూపిస్తోంది. కపోతం మళ్ళీ చినుకును గోడకు దూరంగా విసిరే పనిలో ఉంటుంది. ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడే ఈ ప్రాంతంలో, ఏడంతస్తులకూ చుట్టూరా ఏడు చూర్లు ఉండటం చిన్న విషయం కాదు.

ఇన్ని ఇటుకలను పట్టి ఉంచింది డంగు సున్నం. సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోయి పొడిసున్నం మిగులుతుంది. దాని మీద నీళ్ళు పోస్తే బుసలు కొడుతూ ఉడికి మెత్తబడుతుంది. ఆ ముద్దను నీళ్ళలో కొన్నాళ్ళు మాగబెట్టి, ఇసుక కలిపి, గుండ్రటి కాలువలాంటి గానుగలో వేసి ఎద్దులతో రాతిచక్రం తిప్పించి నూరుతారు. ఇందులో కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లపు నీళ్ళు పోస్తారు. బెల్లం వల్ల సున్నం త్వరగా బిగుసుకోక తాపీ కింద వెన్నలా సాగుతుంది, పనివాడికి సరిదిద్దుకునే వ్యవధి దొరుకుతుంది. గోడలోకి వెళ్ళాక సున్నం గాలిలోని అదే వాయువును కొద్దికొద్దిగా పీల్చుకుని ఏళ్ళ తరబడి గట్టిపడుతూ మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. బట్టీలో పోగొట్టుకున్నదాన్ని గోడలో తిరిగి సంపాదించుకుంటుందన్నమాట. సన్నటి పగుళ్ళు వచ్చినా వాన నీటిలో కాస్త సున్నం కరిగి, పగులులోకి పోయి, అక్కడే పేరుకుని దాన్ని పూడుస్తుంది. సిమెంటుకు ఈ గుణం చాలా తక్కువ.

గోపురం మీది బొమ్మలన్నీ ఈ సున్నంతో చేసిన గచ్చుపనే. గచ్చు ఊడిన చోట నిలబడి చూస్తే బొమ్మ ఎలా పుట్టిందో అర్థమవుతుంది. ముందు ఇటుకలనే ముక్కలుగా కొట్టి, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చేలా పెట్టి, తల, మొండెం, తొడ ఎక్కడొస్తాయో మోటుగా తేలుస్తారు. దాని మీద ముతక ఇసుక కలిపిన సున్నం మందంగా వేసి అవయవాలు నింపుతారు. అది ఆరీ ఆరకముందే సన్నటి సున్నంతో పై పొర వేసి, చిన్న తాపీతో, వెదురు పుల్లతో కన్ను, ముక్కు, నగ దిద్దుతారు. ముతక పొరకు బలం, సన్న పొరకు నునుపు. రెండింటినీ ఒకటే చేస్తే బలమైనా పోతుంది, నునుపైనా పోతుంది. కింద నిలబడి చూసేవాడి కోసం పై అంతస్తుల బొమ్మలకు కళ్ళు లోతుగా, ముక్కు ఎత్తుగా దిద్దడం గచ్చుపనివాళ్ళ ఒడుపు. దూరం సగం వివరాన్ని మింగేస్తుంది కనుక ముందే ఎక్కువ పెట్టి ఉంచుతారు.

ఏడో అంతస్తు మీద శిఖరం, బండిగూడు కప్పులా పొడుగ్గా, పైన గుండ్రంగా వంగిన శాలాకారం. అన్ని వైపుల నుంచీ మొనదేరే శిఖరానికి బదులు ఈ పొడుగాటి శిఖరం ఎందుకంటే, కింద ఉన్నది దారి. దారికి వెడల్పూ లోతూ సమానం కాదు, గోపురం అడుగు పొడుగుచదరం. పొడుగుచదరాన్ని అన్ని వైపులా సమంగా లోపలికి కుదించుకుంటూ పోతే చివరకు మిగిలేది చుక్క కాదు, గీత. ఆ గీత మీద నిలబెట్టినవే కలశాల వరస.

ఇలా లోపలికి జరగకుండా ఎత్తుకెళ్ళిన కట్టడాలూ ఉన్నాయి. ఇటలీలో సాన్ జిమిన్యానో అనే చిన్న ఊరికి ఏటా జనం వెల్లువెత్తేది పాత రాతి బురుజుల కోసమే. మధ్యయుగాలవి 14 అక్కడ మిగిలాయి, 1990లో ఆ ఊరు యునెస్కో జాబితాకెక్కింది. ఆ బురుజులు నేలనుంచి కొస వరకూ దాదాపు ఒకే వెడల్పున నిటారుగా లేస్తాయి. మందపు గోడలే వాటి ధీమా. అదే దేశంలో 1173లో మొదలుపెట్టిన పీసా గోపురం కింది అంతస్తులు పూర్తికాకముందే మెత్తటి నేలలోకి ఒరిగింది. మన దగ్గర ఏం జరగవచ్చో శ్రీకాళహస్తి చూపించింది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన అక్కడి గాలిగోపురం, ఏళ్ళుగా నెర్రెలు కనిపిస్తూ వచ్చి, 2010 మే 26న కుప్పకూలింది. ఏడెనిమిది అంతస్తుల ఇటుక కట్టుబడి నెర్రె ఇచ్చిందంటే, బరువు తన దారి మార్చుకుంటున్నానని చెబుతోందన్నమాట. ఆ మాట వినడానికి మనుషులుండాలి.

ఇక కోనేరు. గోపురం కట్టేవాడికి బరువు పైనుంచి వస్తే, కోనేరు తవ్వేవాడికి పక్కనుంచి వస్తుంది. నేలలో నిటారుగా గొయ్యి తీస్తే చుట్టూ ఉన్న మట్టి లోపలికి నెడుతుంది, లోతు పెరిగేకొద్దీ నెట్టుడు పెరుగుతుంది. వానలో తడిసిన మట్టి ఇంకా గట్టిగా నెడుతుంది. దీన్ని ఒకే ఎత్తయిన గోడతో ఆపాలంటే ఆ గోడ చాలా మందంగా ఉండాలి. మెట్లుగా కడితే ప్రతి మెట్టూ తన వెనకున్న జానెడు, మూరెడు మట్టిని మాత్రమే ఆపితే చాలు. రాయి తన సొంత బరువుతోనే ఆ పని చేసేస్తుంది. కోనేరు నిండా నీళ్ళున్నప్పుడు నీళ్ళు కూడా మట్టిని తిరిగి నెట్టి సాయం చేస్తాయి. అసలు పరీక్ష ఎండాకాలంలో, నీళ్ళు అడుగంటి, వెనక మట్టి ఇంకా తడిగా ఉన్న రోజుల్లో. ఆ రోజుల్ని దృష్టిలో పెట్టుకునే వాలు నిర్ణయించాలి.

మెట్లకు ఇంకో ప్రయోజనం ఉంది. కోనేటి నీళ్ళు ఏడాది పొడుగునా ఒకే మట్టాన ఉండవు. శ్రావణంలో ఈ మెట్టు దాకా, వైశాఖంలో ఆ మెట్టు దాకా. ఏ మట్టంలో ఉన్నా నీటి అంచున కాలు పెట్టి చెంబు ముంచుకోవడానికి ఒక మెట్టు సిద్ధంగా ఉంటుంది. మెట్టు ముందంచును కాళ్ళు అరగదీసి గుండ్రం చేస్తాయి. లోపలి మూల మాత్రం చెక్కిన రోజులాగే పదునుగా మిగులుతుంది. రెండింటి మధ్య తేడాను వేలితో తడిమితే ఆ మెట్టు ఎంత వాడకం చూసిందో తెలిసిపోతుంది.

కోనేటి చుట్టూ ఉన్న వసారాలో దూలాల స్థానాన్ని కమానులు తీసుకున్నాయి. ద్వారం దగ్గర రాయిని వేధించిన లాగుడు సమస్యను కమాను పూర్తిగా తప్పించేస్తుంది. ముందు కర్రతో సెంట్రింగ్ నిలిపి, రెండు వైపులా కింది నుంచి ఇటుకలు పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన చివరి ఇటుకలను బిగిస్తారు. అప్పటిదాకా అది కర్రల మీద ఆనిన బరువు మాత్రమే. చివరి ఇటుక బిగిశాక ప్రతి ఇటుకనూ రెండు పక్కల ఇటుకలు నొక్కిపట్టుకుంటాయి, కర్ర తీసేయవచ్చు. ఎక్కడా లాగుడు లేదు, అంతా నొక్కుడే. అందువల్ల చిన్న చిన్న ఇటుకలతోనే, పొడుగాటి రాతిపలక అక్కర్లేకుండా, వెడల్పైన జాగాను దాటేయవచ్చు. 1675లో ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ దీనికి సూత్రం కనిపెట్టాడు. వేలాడే గొలుసు ఏ వంపు తిరుగుతుందో, దాన్ని తలకిందులు చేస్తే నిలబడే కమానుకు ఆ వంపే తగినది. గొలుసులో అంతా లాగుడు, కమానులో అంతా నొక్కుడు. దక్కను మేస్త్రీలు ఆ సూత్రం రాసుకోకపోయినా దాని ఫలితం చేతుల్లో పట్టుకున్నారు.

కమానుకు ఒక బలహీనత ఉంది. అది తన కాళ్ళను పక్కలకు నెడుతుంది. వరసగా కడితే ఒక కమాను నెట్టుడును పక్క కమాను ఎదురునెట్టి రద్దు చేస్తుంది, మధ్యలోని స్తంభాలు సన్నగా ఉన్నా చెల్లుతుంది. వరస ముగిసే మూల దగ్గర ఎదురునెట్టేవాళ్ళు ఉండరు. కమానుల వసారా కట్టేవాడు మూలల్లో కట్టుబడిని మందంగా ఉంచేది అందుకే.

గుడి లోపలికి వస్తే ధ్వజస్తంభం దగ్గర హనుమంతుడు గర్భగుడి వైపు చూస్తూ ఉంటాడు. లోపల మాత్రం ఆయన లేడు. రాముడు, సీత, లక్ష్మణుడు మాత్రమే ఉన్నారు. కడప జిల్లా ఒంటిమిట్టలోనూ ఇదే ముగ్గురు, ఒకే రాతిలో. అమ్మపల్లిలో మూర్తుల చుట్టూ మకరతోరణం, ఆ తోరణంలో దశావతారాలు. ఒకే రాతిలో ఇంత పని తెచ్చుకోవడమంటే తప్పుకు చోటు లేకుండా చేసుకోవడమే. గచ్చులో చెయ్యి జారితే ఇంకాస్త సున్నం వేసి దిద్దుకోవచ్చు. రాతిలో తీసిందే గానీ పెట్టేది ఉండదు. ముందుకొచ్చే భాగాల కోసం ముందే రాయి మిగిల్చి, వెనక్కి పోయేవాటిని తర్వాత తొలుచుకుంటూ, పది అవతారాలకూ తోరణం వంపులో సమానంగా చోటు పంచుకుంటూ రావాలి. మొదటి ఉలిదెబ్బకు ముందే శిల్పి మనసులో చివరి దెబ్బ కూడా లెక్కకు వచ్చి ఉండాలి.

మకరతోరణం ఆకారం కమానే. రెండు పక్కలా మకరాల నోళ్ళలోంచి పుట్టి పైకి వంగి నడినెత్తిన కలుస్తుంది. కానీ అది దేన్నీ మోయదు. వెనకున్న రాయే దాన్ని మోస్తుంది. కోనేటి దగ్గర కమాను పనిమనిషి, గర్భగుడిలో దేవుడికి చుట్టిన అలంకారం. ఒకే వంపును రెండు సంప్రదాయాలు రెండు అవసరాలకు వాడుకున్న తీరు ఒకే ఆవరణలో దొరకడం అరుదు.

ఇప్పుడు అన్నింటినీ కలిపి చూడాలి. గోపురం అంతస్తు అంతస్తుకూ లోపలికి జరుగుతూ పైకి పోతుంది. కోనేరు మెట్టు మెట్టుకూ లోపలికి జరుగుతూ కిందికి పోతుంది. కోనేటి ఆకారాన్ని తీసి తిరగేస్తే గోపురపు తీరే వస్తుంది. ఒకచోట బరువు పై నుంచి కిందికి దిగుతుంది, ఇంకోచోట మట్టి పక్కల నుంచి నడుమకు నెడుతుంది. రెండు చోట్లా మేస్త్రీ చేసింది ఒకటే. పెద్ద బలాన్ని ఒకే గోడతో ఎదుర్కోకుండా, చిన్న చిన్న మెట్లుగా పంచేశాడు. ఇనుము, స్టీలు వంటి లాగుడును ఓర్చే సామాను ఆయన దగ్గర లేదు. విమానాశ్రయం టెర్మినల్ కప్పు ఇన్ని మీటర్లు స్తంభం లేకుండా నిలిచిందంటే అందులో స్టీలు ఉంది కనుక. అది లేనివాడు ఆకారాన్నే బలంగా మార్చుకున్నాడు. తూకం గుండు, రసమట్టం, మూలమట్టం, దారం చాలు ఆయనకు.

ఈ కట్టడానికి, పాత కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ సంస్థ నుంచి వారసత్వ గుర్తింపు దక్కింది. కానీ గుర్తింపు పలక గోడను కాపాడదు. గోపురాల పగుళ్ళలో పక్షులు వేసిన గింజ నుంచి రావి మొలిస్తే, దాని వేరు సున్నం వరసల్లోకి దూరి లావెక్కుతూ ఇటుకలను విడదీస్తుంది. మొక్క చిన్నగా ఉన్నప్పుడే వేరుతో తీసేయాలి. పగులును సిమెంటుతో పూడిస్తే పైకి బాగున్నట్టే ఉంటుంది. సిమెంటు సున్నంకన్నా గట్టిది, వంగదు, తడిని బయటికి పోనివ్వదు. లోపల చిక్కిన తడి పక్కనున్న పాత సున్నాన్ని తినేసి, కొన్నేళ్ళకు అతుకుతో పాటు అసలును కూడా ఊడగొడుతుంది. సున్నపు కట్టడానికి సున్నంతోనే వైద్యం. కోనేరుకైతే పూడిక తీత. 2022 డిసెంబరులో సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావి పునరుద్ధరణ పూర్తయి జనానికి తెరుచుకుంది. చెత్తా పూడికా తొలగితే పాత మెట్లు ఇంకా నిలబడే ఉంటాయని ఆ బావి నగరానికి చూపించింది.

శ్రీరామనవమి నాడు కల్యాణానికి జనం పోటెత్తుతారు, ఆ రోజు కట్టుబడి చూడటం కుదరదు. మామూలు రోజు ఉదయం వెళితే ఏటవాలు ఎండలో ఉలి గాట్లూ, చూర్ల నీడలూ స్పష్టంగా తేలుతాయి. గోపురానికి ఎదురుగా కన్నా ముందు పక్కగా నిలబడండి. ఎదురుగా బొమ్మలు కనిపిస్తాయి, పక్కనుంచి అంచుల గీత కనిపిస్తుంది. ఏ అంతస్తు ఎంత లోపలికి జరిగిందో, చూరు ఎంత బయటికొచ్చిందో, గీత ఎక్కడైనా తెగిందో అప్పుడు తెలుస్తుంది. అలా చూడటం ఇక్కడ అలవాటైతే, రేపు శ్రీకాళహస్తిలో కొత్తగా కట్టిన గోపురం ముందు నిలబడినా, మధురైలో నిలబడినా, ఊళ్ళో పాతబడిన గుడి ముందు నిలబడినా, నెర్రె ఎక్కడుందో మీ కన్నే ముందు పట్టుకుంటుంది.